తుపాకీ భాగాల మసికి ఏ ద్రావకం?

సైన్యంలో ఆయుధాల మరమ్మతు విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన మా శీర్షిక రచయిత, లైసెన్సు ఉన్న ఆయుధాల సంరక్షణ గురించి పాఠకులు పంపే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తారు.

ప్రశ్న: నేను టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాను. గత ఏడాది ఒక ఏఆర్-15 రైఫిల్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కాల్చేటప్పుడు తూటా వెనుక నాళాన్ని మూసి ఉంచే బోల్టు వెనుక భాగంలో నల్లటి పెచ్చు కట్టింది, బ్రష్షుతో ఎంత రుద్దినా రావడం లేదు. రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టమని ఒక మిత్రుడు, అవెన్ క్లీనర్ కొట్టమని మరొకరు, కార్బ్యురేటర్ క్లీనర్‌లో ముంచమని ఇంకొకరు చెప్పారు. ఫోనులో మా నాన్నగారిని అడిగితే కిరోసిన్ చాలదా అన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: నలుగురిలో మీ నాన్నగారి మాటే నాకు నచ్చింది. ఆయన చెప్పింది పాత పద్ధతి కావచ్చు గానీ, మిగిలిన ముగ్గురూ మసిని మాత్రమే చూశారు, ఆ మసి కింద ఉన్న లోహాన్ని, ఆ లోహం మీది పూతను చూడలేదు. ద్రావకాన్ని ఎంచుకునేటప్పుడు అది మురికిని ఎంత బాగా వదిలిస్తుందన్నది రెండో ప్రశ్న. ఏ భాగాన్ని ముంచుతున్నామో దాన్ని అది ముట్టుకోకుండా ఉంటుందా అన్నది మొదటి ప్రశ్న.

ముందుగా ఆ పెచ్చు సంగతి చూద్దాం. స్వచ్ఛమైన కార్బన్‌ను కరిగించే ద్రావకం ఏదీ ఇంట్లో వాడుకునే సరుకులో లేదు. కిరోసిన్ గానీ, ఖరీదైన సీసాలో అమ్మే మందు గానీ బొగ్గును కరిగించవు. తూటా పేలినప్పుడు పుట్టే వేడి వాయువులు బోల్టు వెనుక ఉన్న గదిలోకి వచ్చి, అక్కడి నూనెను కాల్చి, జిగురు లాంటి తారుగా మార్చి, బొగ్గు రేణువులను ఆ తారుతో కలిపి లోహానికి అతికిస్తాయి. అడుగంటిన గిన్నెలో మాడు ఎలా పడుతుందో అలాగే ఇక్కడ పొర మీద పొర పడుతుంది. మాడిన గిన్నెలో నీళ్లు పోసి ఉంచితే మాడు కరగదు, నాని అడుగు నుంచి విడుతుంది, ఆ తరువాత గరిటెతో గీస్తే వస్తుంది. ద్రావకం చేసే పని కూడా అంతే. తారును మెత్తబరచి పెచ్చుకూ లోహానికీ మధ్య దూరుతుంది, మిగిలిన పని చేతితో చేయవలసిందే. నానబెట్టి తీయగానే తళతళలాడాలని ఆశించేవారే చివరికి ఆమ్లాల దగ్గరికీ క్షారాల దగ్గరికీ వెళ్తారు.

ఇక మీ రైఫిల్‌లో ఏ భాగం దేనితో తయారైందో చూద్దాం. బోల్టు సాధారణంగా కార్పెంటర్ 158 అనే గట్టి ఉక్కు. దాన్ని మోసే క్యారియర్ ఎక్కువగా 8620 రకం ఉక్కు, లోపలి వైపు క్రోమ్ పూత, బయట బూడిద రంగు మాంగనీస్ ఫాస్ఫేట్ పూత. ఈ భాగాలన్నీ అమరే డొల్లలైన పై రిసీవరు, కింది రిసీవరు 7075 రకం అల్యూమినియం, మీద గట్టి ఆనోడైజింగ్, అంటే విద్యుత్తుతో పెంచిన ఆక్సైడు పూత. బోల్టులో ఖాళీ తూటా గొట్టాన్ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కింద చిన్న స్ప్రింగు, దాని లోపల ఒక రబ్బరు ముక్క, కొన్నింటిలో చుట్టూ రబ్బరు రింగు కూడా ఉంటాయి. ఉక్కు, క్రోమ్, ఫాస్ఫేట్, అల్యూమినియం, రబ్బరు ఒకే ఆయుధంలో ఉన్నాయి కనుక, అన్నింటినీ ఒకే డబ్బాలో ఒకే మందులో వేసి రాత్రంతా వదిలేసే పద్ధతి పనికిరాదు.

వెనిగర్ ఆమ్లం. మన వంటింటి వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం 5 శాతం దాకా ఉంటుంది. కొన్ని గంటలు నానితే ఫాస్ఫేట్ పూతను తినేస్తుంది, బ్లూయింగ్ చేసిన భాగమైతే నీలి నలుపు పూర్తిగా పోయి ఉక్కు తెల్లబడుతుంది, కడిగి ఆరబెట్టిన గంటలోనే తుప్పు మొదలవుతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, గట్టిపరచిన ఉక్కును ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచినప్పుడు పుట్టే హైడ్రోజన్ లోహంలోకి చొరబడి దాన్ని పెళుసుగా మార్చే అవకాశం ఉంది. ప్రతి కాల్పులోనూ ఒత్తిడి మొత్తం మోసే బోల్టు లగ్గుల (దాని ముందు కొనన ఉండే పళ్ల) విషయంలో అలాంటి జూదం ఆడకూడదు. వెనిగర్‌కు హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి సైలెన్సర్లు కడిగే ఒక కిటుకు కూడా మీ ప్రాంతంలో వినిపిస్తుంది. ఆ మిశ్రమం తూటాల నుంచి అంటిన సీసాన్ని కరిగించి లెడ్ ఎసిటేట్ అనే నీటిలో కరిగే విషంగా మారుస్తుంది. గట్టి సీసం కంటే అది ఒంట్లోకి ఎంతో సులువుగా ఇంకుతుంది. పిల్లలున్న ఇంట్లో ఆ పని చేయకండి, లేని ఇంట్లోనూ వద్దు.

అవెన్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది కాస్టిక్ సోడా. ఉక్కును అది పెద్దగా ఏమీ చేయదు, అల్యూమినియాన్ని మాత్రం బుడగలు కక్కిస్తూ తినేస్తుంది. డాలస్‌లో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉన్నప్పుడు ఒక దృశ్యం చూశాను. వాడి స్నేహితుడు కారు ఇంజన్లు కడిగే, ఇలాంటి క్షారమే ఉన్న ఊదా రంగు డీగ్రీజర్‌లో రైఫిల్ భాగాలతో పాటు టెలిస్కోపు మౌంటును కూడా వేసి, భోజనానికి వెళ్లి వచ్చాడు. తీసి చూస్తే ఉక్కు భాగాలు బాగానే ఉన్నాయి, మౌంటు నల్లటి రంగు మాత్రం అక్కడక్కడ పాలిపోయి, పాత అల్యూమినియం చెంబు అడుగులా బూడిద రంగుకు తిరిగింది. వేలితో రాస్తే మసి లాంటి పొడి అంటుకుంది. సీసా వెనుక చిన్న అక్షరాల్లో అల్యూమినియం మీద వాడవద్దని రాసే ఉంది, అతను తరువాత చదివాడు. నీళ్లతో వాడే డీగ్రీజర్లలో అల్యూమినియానికి హాని చేయనివి, విమానాల పనికి తయారు చేసినవి వేరే ఉన్నాయి. కొనే ముందు ఆ మాట సీసా మీద ఉందో లేదో చూసుకోవాలి.

కార్బ్యురేటర్ క్లీనర్ గురించి మీ మిత్రుడు చెప్పింది పూర్తిగా తప్పు కాదు, కాలం చెల్లిన మాట. వెనుకటి రోజుల్లో కార్బ్యురేటర్ భాగాలను ముంచే డబ్బాల్లో మిథిలీన్ క్లోరైడ్, క్రెసిలిక్ ఆమ్లం ఉండేవి, అవి మాడును నిజంగానే ఊడగొట్టేవి. అదే మిథిలీన్ క్లోరైడ్ మూసి ఉన్న గదుల్లో మనుషుల ప్రాణాలు కూడా తీసింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2024లో సాధారణ వినియోగదారులకు దాని అమ్మకాన్ని నిషేధించే నిబంధన తెచ్చింది. ఇప్పుడు దొరికే డబ్బాల్లో వేరే ద్రావకాలున్నాయి, పాత పేరుకు పాత గుణం లేదు. బ్రేక్ క్లీనర్లలో రెండు రకాలున్నాయి. టెట్రాక్లోరోఇథిలీన్ ఉన్న రకానికి నిప్పు అంటుకోదు, కానీ ఆవిరి ఒంటికి మంచిది కాదు, వేడి లోహం మీద పడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. క్లోరిన్ లేని రకం ఎసిటోన్, హెప్టేన్ వంటి వాటితో చేస్తారు, దానికి ఇట్టే నిప్పు అంటుకుంటుంది. రెండూ నూనెను క్షణంలో కడిగేస్తాయి, క్షణంలోనే ఆరిపోతాయి. అంత త్వరగా ఆవిరయ్యేది నానబెట్టడానికి ఎలా పనికొస్తుంది? నానిన తరువాత చివరి కడుగుకు మాత్రం అక్కరకు వస్తుంది, అదీ ఆరుబయట, ప్లాస్టిక్ భాగాలకు దూరంగా.

ఇప్పుడు కిరోసిన్ సంగతి. మినరల్ స్పిరిట్స్ దానికి దగ్గర చుట్టమే. రెండూ ఉక్కును, ఫాస్ఫేట్‌ను, క్రోమ్‌ను, ఆనోడైజింగ్‌ను ముట్టుకోవు, నెమ్మదిగా ఆరుతాయి, తారును మెత్తబరుస్తాయి. రాత్రంతా నానబెట్టడానికి అంతకంటే అడగవలసింది లేదు. ఇంకొంచెం బలం కావాలనుకునేవారు అమెరికాలో ఎడ్స్ రెడ్ అనే మిశ్రమం కలుపుకుంటారు. ఎడ్ హారిస్ అనే ఆయుధ నిపుణుడు ఇచ్చిన పాళ్లు ఇవి: కారు గేర్‌బాక్సులో పోసే డెక్స్‌రాన్ ఏటీఎఫ్, కిరోసిన్, మినరల్ స్పిరిట్స్, ఎసిటోన్, నాలుగూ సమపాళ్లు. దీనికి మూలం ఫ్రాంక్‌ఫోర్డ్ ఆర్సెనల్ వారి పాత 18వ నంబరు ద్రావణం. అందులో స్పెర్మ్ తిమింగలం నూనె, టర్పెంటైన్ ఉండేవి, హారిస్ తిమింగలం నూనె స్థానంలో ఏటీఎఫ్‌ను, టర్పెంటైన్ స్థానంలో మినరల్ స్పిరిట్స్‌ను పెట్టాడు. ఏటీఎఫ్ ఉండటం వల్ల భాగం బయటికి తీశాక కూడా కొంత నూనె పొర మిగులుతుంది. ఎసిటోన్ ఉండటం వల్ల రెండు ఇబ్బందులున్నాయి. మూత వదులైతే అది ఎగిరిపోయి మిశ్రమం నీరసపడుతుంది. వార్నిషు వేసిన చెక్క మడమకు, రబ్బరుకు, కొన్ని ప్లాస్టిక్కులకు తగిలితే పాడుచేస్తుంది.

పద్ధతి చెబుతాను. తుపాకీ ఖాళీగా ఉందని, తూటా కూర్చునే చాంబరులో వేలు పెట్టి మరీ చూసుకుని, తూటాలను వేరే గదిలో పెట్టి, బోల్టును క్యారియర్ నుంచి విప్పండి. ఎక్స్‌ట్రాక్టర్‌ను స్ప్రింగుతో, రబ్బరు ముక్కతో సహా తీసి పక్కన పెట్టండి, ద్రావకంలో రబ్బరు ఉబ్బుతుంది. క్యారియర్ మీద వాయువులను లోపలికి పంపే గ్యాస్ కీ అనే గొట్టం ముక్క స్క్రూలను మాత్రం విప్పవద్దు, వాటి తలలను ఫ్యాక్టరీలో నొక్కి బిగిస్తారు. మూత గట్టిగా బిగుసుకునే చిన్న గాజు సీసాలో బోల్టు మునిగేంత కిరోసిన్ పోసి, రాత్రి వేసి పొద్దున తీయండి. తీసినప్పుడు పెచ్చు అలాగే ఉన్నట్టు కనిపిస్తుంది, నిరాశపడకండి. ఇత్తడి తీగల బ్రష్షుతో గానీ, చెక్కిన వెదురు పుల్లతో గానీ అంచున గీస్తే, మొదట గీత పడుతుంది, తరువాత సన్నటి నల్లటి పొలుసులు లేస్తాయి, వాటి కింద ఉక్కు బూడిద రంగులో కనిపిస్తుంది. మొండిగా మిగిలిన చోట మళ్లీ ఒక రాత్రి నానబెట్టండి, స్క్రూడ్రైవరు మొన పెట్టవద్దు. తుడిచి ఆరబెట్టాక, బోల్టు చుట్టూ వాయువు జారకుండా ఆపే గ్యాస్ రింగుల మీద, లగ్గుల మీద, బోల్టు నడుము మీద నూనె వేయడం మరవకండి. ద్రావకం ఫాస్ఫేట్ రంధ్రాల్లోని నూనెను కూడా లాగేసుకుంటుంది, ఆ పూతకు తుప్పును ఆపే శక్తి నూనెతోనే వస్తుంది.

దుకాణాల్లో దొరికే నీటి ఆధారిత కార్బన్ రిమూవర్లు కూడా మంచివే, వాసన తక్కువ, నిప్పు భయం లేదు, పని త్వరగా అవుతుంది. వాటిని సీసా మీద రాసిన సమయానికి మించి ఉంచకూడదు, తీసిన వెంటనే ఆరబెట్టి నూనె వేయాలి. అపార్ట్‌మెంటులో ఉండేవారికి నేను వాటినే సిఫారసు చేస్తాను. శబ్ద తరంగాలతో కడిగే అల్ట్రాసోనిక్ తొట్టి ఉంటే అందులో ఇలాంటి నీటి మందులే పోయాలి, కిరోసిన్, ఎసిటోన్ ఎప్పుడూ పోయకూడదు.

నిప్పు విషయం కొంచెం వివరంగా రాయాలి. కిరోసిన్, మినరల్ స్పిరిట్స్ దాదాపు 38 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిప్పు అంటుకునేంత ఆవిరిని వదలడం మొదలుపెడతాయి. చలికాలంలో నిశ్చింతగా వాడే కిరోసిన్, ఆగస్టులో మీ గ్యారేజీ 40 డిగ్రీలు దాటినప్పుడు, లేదా మన రామగుండంలో మే నెల మధ్యాహ్నం, పెట్రోలు అక్క కూతురిలా ప్రవర్తిస్తుంది. ఎసిటోన్‌కు ఆ గీత మైనస్ 20 డిగ్రీల దగ్గరే ఉంది. కాబట్టి వాటర్ హీటరు పైలట్ మంట ఉన్న గ్యారేజీలో ఈ పని వద్దు. తడిసిన గుడ్డలను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయాలి. వాడిన ద్రావకంలో సీసం కలిసి ఉంటుంది కనుక సింకులో పారబోయకుండా, మీ నగరపాలక సంస్థ ఇళ్ల ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే కేంద్రంలో ఇవ్వాలి. చేతులకు నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. ఆ సీసా మళ్లీ వంటింట్లోకి రాకూడదు.

చివరిగా, మీరు అడగని విషయం ఒకటి. బోల్టు తోక మీది పెచ్చు తుపాకీని ఆపదు. క్యారియర్ లోపలి గోడ దాన్ని ఒక హద్దు వరకే పెరగనిస్తుంది, ఆ పైన తనే గీసేస్తుంది. గ్యాస్ రింగులు స్వేచ్ఛగా కదులుతూ, ఎక్స్‌ట్రాక్టర్ కింద, లగ్గుల వెనుక శుభ్రంగా ఉంటే చాలు. సైన్యంలో తనిఖీ కోసం తెల్లటి గుడ్డకు మరక అంటనంతగా రుద్దించేవాళ్లం, నిజం చెప్పాలంటే ఆయుధాలు కాల్పుల కంటే ఆ రుద్దుడుకే ఎక్కువ అరిగేవి. దీన్ని బట్టి శుభ్రం చేయనక్కరలేదని అనుకోవద్దు. వియత్నాంలో ఇదే రైఫిల్ కుటుంబానికి చెందిన ఎం16 మొరాయించినప్పుడు అమెరికా కాంగ్రెసు ఉపసంఘం 1967లో విచారించి తేల్చిన కారణాల్లో, తూటా మందును బాల్ పౌడర్‌కు మార్చడం, సైనికులకు శుభ్రం చేసే సామాను, శిక్షణ సరిగా అందకపోవడం ఉన్నాయి. ఆ మందులో కలిపిన కాల్షియం కార్బనేట్ గ్యాస్ గొట్టంలో పేరుకుపోయింది. అంటే మనం కార్బన్ అని తిట్టే నల్లటి పదార్థమంతా కార్బన్ కాదు.

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాదులో .22 రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటోంది. చాంబరు ముందు మసి రింగులా కడుతోందని కోచ్ చెప్పారు. రాగిని తీసే అమోనియా మందు ఇంట్లో ఉంది. దాన్ని పోసి రాత్రంతా ఉంచవచ్చా? ఆమె 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు కూడా ఇదే వాడవచ్చా?

జవాబు: ఉంచవద్దు. అమోనియా పనిచేసేది రాగి మీద. .22 తూటాలు చాలావరకు పైన మైనం, లోపల సీసం, అక్కడ రాగి మరక పెద్దగా ఉండదు. మీరు వదిలించవలసిన రింగు మైనం, సీసం, కాలిన తుపాకీ మందు కలిసి గట్టిపడినది. దాని మీద అమోనియాకు పట్టు లేదు, పైగా గంటల తరబడి నిలిస్తే నాళం లోపలి ఉక్కును గరుకుచేస్తుంది, అందులో వదిలేసిన ఇత్తడి జ్యాగ్‌ను (రాడ్ కొనన గుడ్డను పట్టే ముక్కను), కంచు బ్రష్షును తినేస్తుంది. ఇత్తడికీ అమోనియాకూ పడదన్న సంగతి మన దేశంలోనే బయటపడింది. బ్రిటిష్ పాలనలో వానాకాలం గుర్రపుశాలల దగ్గర నిల్వ ఉంచిన ఇత్తడి తూటా గొట్టాలు వాటంతటవే చీలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియాయే అందుకు కారణమని 1921లో తేల్చారు.

నాళాన్ని నానబెట్టడం అంటే ముంచడం కాదు. కార్బన్ రిమూవర్‌లో గానీ, ఎంటీఓ (మినరల్ టర్పెంటైన్ నూనె)లో గానీ తడిపిన గుడ్డ ముక్కను చాంబరు వైపు నుంచి ఆ రింగు దాకా నెట్టి, పది పదిహేను నిమిషాలు ఆగి, నైలాన్ బ్రష్షును అక్కడే గుండ్రంగా తిప్పండి. పెయింటు షాపులో టర్పెంటైన్ అని అడిగితే ఇచ్చేది చాలావరకు ఎంటీఓయే, అదే మీకు కావలసింది. థిన్నర్ మాత్రం తేవద్దు, రైఫిల్ చెక్క మీది వార్నిషుకు ఒక్క చుక్క తగిలినా తెల్ల మచ్చ పడుతుంది. రాడ్‌ను చాంబరు వైపు నుంచే పెట్టాలి, గైడు వాడాలి, మూతి అంచుకు రాడ్ రాసుకుంటే గురి చెడుతుంది. ఎన్ని వందల తూటాలకు ఒకసారి అన్నది కోచ్ చెప్పినట్టు చేయండి. పోటీకి ముందురోజు మాత్రం నాళాన్ని పూర్తిగా కడగవద్దు, కడిగిన .22 నాళం మళ్లీ కొన్ని తూటాలు కాల్చేదాకా తూటాలను ఒకే చోట గుంపుగా వేయదు.

ఎయిర్ రైఫిల్‌కు ఏదీ వద్దు. అందులో తుపాకీ మందు లేదు, మంట లేదు, కనుక కార్బన్ కూడా లేదు. గాలిని పట్టి ఉంచే సీళ్లు రబ్బరు, ప్లాస్టిక్, ద్రావకం తగిలితే అవే ముందు పోతాయి. పొడి ఫెల్ట్ ముక్కలు నాళంలోంచి తోస్తే చాలు.

ప్రశ్న: మా తాతగారి నుంచి లైసెన్సు మారి నా పేరుకు వచ్చిన ఎస్‌బీఎంఎల్ తుపాకీ, అంటే ఒంటి నాళం తుపాకీ ఉంది, మూతి నుంచి నల్ల తుపాకీమందు దట్టించి కాల్చేది. కిరోసిన్‌లో ఎన్నిసార్లు కడిగినా నాలుగు రోజులకే నాళం తుప్పు పడుతోంది. ఇంకా బలమైన ద్రావకం ఏదైనా చెప్పండి.

జవాబు: మీకు కావలసింది బలమైన ద్రావకం కాదు, నీళ్లు. నల్ల తుపాకీమందులో సూరేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10 ఉంటాయి. అది కాలాక సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది, అందులో ఎక్కువ భాగం పొటాషియం లవణాలు. ఆ లవణాలు కిరోసిన్‌లో కరగవు, గాలిలోని తేమను మాత్రం పీల్చుకుంటాయి. మీరు కిరోసిన్‌తో కడిగిన ప్రతిసారీ మసి పోయి ఉప్పు మిగిలిపోతోంది, ఆ ఉప్పే తుప్పుకు కారణం. నాళాన్ని మడమ నుంచి విడదీసి, పేలుడు క్యాపు పెట్టే నిప్పిల్ విప్పి, కింది కొనను బకెట్టులో పెట్టి, కొంచెం సబ్బు కలిపిన వేడినీళ్లు గుడ్డ చుట్టిన కడ్డీతో పైకీ కిందికీ లాగండి. నీళ్లు నల్లగా వచ్చినంతసేపు మార్చండి, చివరి విడత మంచి వేడినీళ్లు పోస్తే ఆ వేడికి నాళం తనే ఆరిపోతుంది. వేడి పూర్తిగా తగ్గకముందే లోపల నూనె పట్టించి, మర్నాడు ఒకసారి గుడ్డ దూర్చి చూడండి. గుడ్డకు ఎర్రటి మరక అంటితే మళ్లీ నీళ్లే పోయండి.